బండి కదిలిందా, లేదా? మోటర్‌హోమ్‌లో టీవీ సిగ్నల్ పోతే ఎక్కడ వెతకాలి

మోటర్‌హోమ్‌లో, అంటే ఇల్లులా అమర్చుకున్న బండిలో, టీవీ ఆన్ చేస్తే "సిగ్నల్ లేదు" అని వచ్చిందంటే చాలామంది వెంటనే చేసే పని నిచ్చెనెక్కి డిష్‌ని అటూ ఇటూ తిప్పడం. దయచేసి ముందు ఆ పని చెయ్యకండి. ఆ మెసేజ్ వెనక చెట్టు కొమ్మ దగ్గర్నుంచి బ్యాటరీ దాకా ఏదైనా ఉండొచ్చు. డిష్ సరిగ్గానే ఉండి తప్పు కేబుల్‌లో ఉందనుకోండి, డిష్‌ని కదిపిన మరుక్షణం ఒక సమస్య రెండవుతుంది, ఆ తర్వాత కేబుల్ బాగుచేసినా బొమ్మ రాదు కాబట్టి అది బాగైందో లేదో కూడా తెలీదు.

ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. చివరిసారి బొమ్మ శుభ్రంగా వచ్చాక బండి కదిలిందా?

కదిలితే తప్పు చాలావరకు చోటుది: అడ్డం వచ్చిన చెట్టు, మారిన కోణాలు, బండి వాలు, దూరం పోయి ఉంటే అసలు ఆ ఉపగ్రహం సిగ్నల్ పడే ప్రాంతమే దాటిపోవడం. కదలకుండా నిలబడిన చోటే పోయిందంటే తప్పు చాలావరకు వస్తువుది లేదా వాతావరణానిది: నీళ్లు దిగిన కనెక్టర్, నీరసించిన బ్యాటరీ, గాలికి జరిగిన డిష్, వాన. ఇంటి మీద డిష్‌కి ఈ ప్రశ్నే రాదు, బిగించినవాళ్లు ఒకసారి కోణాలు చూసి వెళ్లిపోతే ఏళ్లతరబడి అలాగే ఉంటుంది. మోటర్‌హోమ్‌లో ఆ బిగించే పని ప్రతి మజిలీలోనూ మళ్లీ మొదటినుంచి జరుగుతుంది, అందుకే ఇంట్లో ఎప్పుడూ వినని సమస్యలు ఇక్కడ ఎదురవుతాయి.

ఆకాశంలో ఎంత చిన్న గురి

టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకి పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో, భూమితో సమానంగా తిరుగుతూ, కింద నుంచి చూసేవాళ్లకి కదలకుండా ఒకేచోట ఉన్నట్టు ఉంటాయి. 60 సెంటీమీటర్ల డిష్ ఆకాశంలో చూడగలిగే వెడల్పు దాదాపు 3 డిగ్రీలు, అంతే. యూరప్ మీద ఉపగ్రహాల వరస చూస్తే 13 డిగ్రీల తూర్పున హాట్ బర్డ్, 16 దగ్గర యూటెల్‌శాట్, 19.2 దగ్గర ఆస్ట్రా ఉన్నాయి, అంటే పక్కపక్క వాటికి మధ్య ఎడం కూడా ఇంచుమించు అంతే. డిష్ ఒక్క డిగ్రీ పక్కకి జరిగితే అంత ఎత్తులో 600 కిలోమీటర్లు పైగా తప్పినట్టు. కంటికి ఆ తేడా కనిపించదు, రిసీవర్‌కి మాత్రం బొమ్మ ఉండటమో పోవటమో అక్కడే తేలిపోతుంది.

గురి కుదరాలంటే మూడు కోణాలు కావాలి. ఏ దిక్కుకి తిప్పాలి, ఎంత పైకి ఎత్తాలి, ఎల్‌ఎన్‌బీని (డిష్ ముందు ఉండి సిగ్నల్‌ని అందుకునే చిన్న పరికరం) దాని చోటులోనే ఎంత మెలితిప్పాలి. ఈ మూడోదాన్ని స్క్యూ అంటారు. మూడూ మీరున్న అక్షాంశ రేఖాంశాల్ని బట్టి మారతాయి, ఫోన్‌లో డిష్ గురి చూపే యాప్‌లు వీటిని లెక్కకట్టి చెబుతాయి.

ఎత్తు కోణం సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే చెట్ల గొడవంతా దీనితోనే. ఉపగ్రహం సరిగ్గా మీ రేఖాంశం మీదే ఉందనుకుంటే, 30 డిగ్రీల అక్షాంశంలో అది దాదాపు 55 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది, 45లో 38 డిగ్రీలు, 60కి పోతే 22 డిగ్రీలకి పడిపోతుంది. భూమధ్యరేఖకి దూరం వెళ్లేకొద్దీ ఉపగ్రహం కిందికి దిగుతుంది కాబట్టి నిన్నటి ఊళ్లో అడ్డం కాని చెట్టులాంటిదే ఇవాళ అడ్డమవుతుంది. లెక్క సులువే: ఎత్తు కోణం 30 డిగ్రీలైతే, డిష్ కంటే 10 మీటర్లు పొడవున్న చెట్టు కనీసం 17 మీటర్ల దూరంలో ఉండాలి, 22 డిగ్రీలైతే 25 మీటర్లు. ఈ సిగ్నల్ తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్ల చిల్లర, ఆకుల గుబురు దాన్ని బాగా మింగేస్తుంది, తడిసిన ఆకులైతే ఇంకా ఎక్కువ. మోడుగా ఉన్నప్పుడు సిగ్నల్‌ని వదిలిన చెట్టు చిగురించాక వదలకపోవచ్చు. స్టాండ్ మీద పెట్టుకునే డిష్ అయితే నాలుగడుగులు పక్కకి జరిపితే సరిపోతుంది గానీ పైకప్పుకి బిగించినదైతే బండినే జరపాలి. అందుకే బండి పూర్తిగా నిలపకముందే, జాకీలు దించకముందే, యాప్ తెరిచి ఆ దిక్కున ఏముందో చూడటం మంచిది, టీవీ ముఖ్యం అనుకునేవాళ్లు దీన్ని అలవాటు చేసుకుంటే సగం టెన్షన్ అక్కడే తగ్గిపోతుంది.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. మనం వాడే డిష్‌లు ఎక్కువగా ఆఫ్‌సెట్ రకం, ఎల్‌ఎన్‌బీ మధ్యలో కాకుండా కిందివైపు నుంచి చూస్తుంది. ఇలాంటి డిష్ తన ముఖం చూపే దిక్కు కంటే 20 నుంచి 25 డిగ్రీలు పైకి చూస్తుంది. అంటే ఉపగ్రహం 25 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు డిష్ దాదాపు నిటారుగా, ఎదురుగోడని చూస్తున్నట్టు కనిపిస్తుంది. "ఇదేంటి, ఆకాశం వైపు లేదే" అని పైకి ఎత్తేశారంటే ఉన్న గురి పోయినట్టే.

దిక్కు విషయంలో దిక్సూచిని బండి దగ్గర నమ్మకండి. ఇనుప చాసిస్, ఇంజన్, స్పీకర్లు, అన్నీ దాన్ని లాగుతాయి, ఫోన్‌లోని దిక్సూచిని కూడా. కొన్ని మీటర్లు దూరంగా నిలబడి చూసి, అదే దిక్కులో దూరంగా ఉన్న స్తంభమో ఇంటి మూలో గుర్తుపెట్టుకుని వచ్చి డిష్ తిప్పండి. ఎండ ఉంటే ఇంకా నిక్కచ్చి పద్ధతి ఒకటుంది. రోజులో ఏదో ఒక సమయంలో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం ఉన్న దిక్కుకే వస్తాడు, ఆ సమయం యాప్‌లో దొరుకుతుంది, అప్పుడు నిటారుగా ఉన్న కర్ర నీడ ఎటు పడుతుందో దానికి సరిగ్గా ఎదురు వైపే మీ ఉపగ్రహం.

బండి వాలు సంగతి మర్చిపోవద్దు. చేత్తో తిప్పి పైకి లేపే డిష్‌ల మీద ఉండే ఎత్తు కోణం గీతలు బండి సమంగా నిలబడిందన్న లెక్కతో గీసినవి. మూడు డిగ్రీలు వాలి ఉందంటే డిష్ చూసే వెడల్పంతా తప్పిపోయినట్టే. కాబట్టి ముందు బండిని సమం చేసి, జాకీలు దించి, ఆ తర్వాతే డిష్ పట్టుకోవాలి. వరస తిరగేస్తే, అంటే బొమ్మ తెచ్చుకున్నాక బండిని సమం చేస్తే, వచ్చిన బొమ్మ పోతుంది. లోపల మనుషులు నడిచినప్పుడల్లా బొమ్మ చెదురుతోందన్నా కారణం ఇదే, గురి అంచు మీద ఉంది, బండి ఊగినప్పుడల్లా అవతలికి జారుతోంది.

రెండు గీతలు, రెండు వేరు సంగతులు

రిసీవర్ మెనూలో సిగ్నల్ పేజీకి వెళ్తే స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు గీతలుంటాయి. చూడాల్సింది క్వాలిటీని. స్ట్రెంగ్త్ అంటే కేబుల్‌లోంచి ఎంత శక్తి వస్తోందో అంతే, అందులో రణగొణ శబ్దం కూడా కలిసే ఉంటుంది, డిష్ ఖాళీ ఆకాశాన్ని చూస్తున్నా అది కాస్త పైకే ఉంటుంది. క్వాలిటీ అంటే ఆ వచ్చినదాన్ని రిసీవర్ చదవగలుగుతోందా అన్నది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే చాలా విషయం బయటపడుతుంది. స్ట్రెంగ్త్ కూడా సున్నా అయితే కేబుల్ తెగిందో, కనెక్టర్ ఊడిందో, ఎల్‌ఎన్‌బీకి కరెంట్ పోవట్లేదో చూడాలి, డిష్‌ని ముట్టుకోనక్కర్లేదు. స్ట్రెంగ్త్ ఉండి క్వాలిటీ లేదంటే డిష్ ఖాళీ ఆకాశాన్నో, పక్క ఉపగ్రహాన్నో చూస్తోంది, లేదా స్క్యూ తప్పింది.

పక్క ఉపగ్రహం చిక్కు చాలా మోసం చేస్తుంది. కేబుల్ మధ్యలో పెట్టుకునే, సిగ్నల్ తగిలితే పీపీ అని మోగే చిన్న మీటర్లు ఏ ఉపగ్రహం తగిలినా ఒకేలా మోగుతాయి, ఏది తగిలిందో చెప్పవు. మీటర్ గట్టిగా మోగింది, టీవీలో ఏమీ లేదు అంటే చాలాసార్లు పక్కింటి తలుపు కొట్టినట్టే, ఒకట్రెండు వేళ్ల వెడల్పు అటో ఇటో తిప్పి చూడండి. తిప్పేటప్పుడు నెమ్మది చాలా ముఖ్యం. రిసీవర్ క్వాలిటీ చూపించడానికి ఒకట్రెండు సెకన్లు తీసుకుంటుంది, మీరు ఆగకుండా తిప్పుతూ పోతే సరైన చోటు దాటిపోయాక గానీ గీత లేవదు. కొంచెం తిప్పండి, ఆగండి, చూడండి.

ఇక స్క్యూ. దీన్ని అర్థం చేసుకోకుండా దేశాలు దాటి తిరిగేవాళ్లు పడే తంటా అంతా ఇంతా కాదు. టీవీ ఉపగ్రహాల్లో చాలావాటి తరంగాలు కొన్ని అడ్డంగా, కొన్ని నిలువుగా ఊగుతూ వస్తాయి, ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు వేరు చానల్ గుంపుల్ని పంపడానికి ఇదొక ఉపాయం. ఉపగ్రహం మీకు నేరుగా దక్షిణాన ఉంటే అడ్డం అడ్డంగానే కనిపిస్తుంది, మీరు తూర్పుకో పడమరకో దూరం పోయేకొద్దీ అది వాలి కనిపిస్తుంది. 19.2 డిగ్రీల ఆస్ట్రాకి బెర్లిన్‌లో స్క్యూ నాలుగు డిగ్రీల చిల్లర, లిస్బన్‌లో అదే 30 డిగ్రీలు. బెర్లిన్‌లో పెట్టిన ఎల్‌ఎన్‌బీని అలాగే లిస్బన్ తీసుకెళ్తే మీకు కావాల్సిన సిగ్నల్ తగ్గేది నాలుగో వంతుకి లోపే, అదొక్కటే అయితే పర్వాలేదు. కానీ రెండోవైపు ఊగే తరంగాల్లోంచి ఇంచుమించు అంతే భాగం లోపలికి చొరబడి మీ సిగ్నల్‌ని పాడుచేస్తుంది. అందుకే స్ట్రెంగ్త్ గీత నిండుగా ఉంటుంది, క్వాలిటీ కుప్పకూలుతుంది, మనం దిక్కూ ఎత్తూ ఎంత సరిచేసినా లాభం ఉండదు. ఎల్‌ఎన్‌బీ మెడ దగ్గర స్క్రూ వదులుచేసి యాప్ చెప్పినంత తిప్పాలి. అమెరికాలో ఇళ్లకి నేరుగా వచ్చే డిష్ టీవీ ప్రసారాల్లో ఎక్కువ భాగం గుండ్రంగా తిరిగే తరంగాలు వాడతాయి కాబట్టి అక్కడ చిన్న డిష్‌లకి ఈ గొడవ లేదు.

సగం చానళ్లే వస్తున్నాయా?

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ సమాచారం ఇచ్చే లక్షణం ఇది, జనం పట్టించుకోనిది కూడా ఇదే. కొన్ని చానళ్లు అద్దంలా వచ్చి కొన్ని అసలే రాకపోతే, రానివాటిలో ఏముందో చూడండి.

కేబుల్ సిగ్నల్‌ని కిందికి తేవడమే కాదు, రిసీవర్ నుంచి పైకి ఆజ్ఞలు కూడా మోస్తుంది. రిసీవర్ 13 వోల్టులు పంపితే ఎల్‌ఎన్‌బీ నిలువు తరంగాల్ని పట్టుకుంటుంది, 18 పంపితే అడ్డం వాటిని. దాంతోపాటు 22 కిలోహెర్ట్జ్ టోన్ పంపితే పై బ్యాండుకి, అంటే 11.7 నుంచి 12.75 గిగాహెర్ట్జ్‌కి మారుతుంది, టోన్ లేకపోతే కింది బ్యాండులోనే ఉంటుంది. చానల్ వివరాల పేజీలో ఫ్రీక్వెన్సీ, పోలరైజేషన్ (తరంగం అడ్డమా నిలువా అన్నది) రాసి ఉంటాయి. రానివన్నీ అడ్డం అయితే 18 వోల్టులు పైదాకా చేరట్లేదు: సన్నటి కేబులో, తుప్పు పట్టిన కనెక్టరో మధ్యలో తినేస్తోంది, లేదా బ్యాటరీ మీద నడిచే రిసీవరే అంత వోల్టేజ్ పుట్టించలేకపోతోంది. ఎల్‌ఎన్‌బీ దగ్గరికి కనీసం 16 వోల్టులైనా అందాలి, 14కి పడిందంటే అది నిలువు ఆజ్ఞ అనుకుంటుంది. రానివన్నీ పై బ్యాండువే అయితే టోన్ చేరట్లేదు, లేదా రిసీవర్‌లో ఎల్‌ఎన్‌బీ రకం యూనివర్సల్ కాకుండా ఇంకేదో పెట్టి ఉంది. ఒకే ఒక్క చానల్ పోయిందా? అది చాలావరకు డిష్ తప్పు కాదు, ప్రసారకర్త ఫ్రీక్వెన్సీ మార్చి ఉండొచ్చు, మళ్లీ చానల్ స్కాన్ చెయ్యండి. హెచ్‌డీ చానళ్లు మాత్రమే రాకుండా మామూలువి వస్తే, రిసీవర్ పాతదై, హెచ్‌డీకి ఎక్కువగా వాడే డీవీబీ-ఎస్2 అనే కొత్త ప్రసార పద్ధతిని చదవలేకపోవచ్చు, లేదా గురి అంచు మీద ఉండొచ్చు, హెచ్‌డీ ప్రసారాలకి చాలావరకు ఇంకా శుభ్రమైన సిగ్నల్ కావాలి.

రెండు టీవీలున్న బండ్లలో ఇంకో రూపం కనిపిస్తుంది: ఇక్కడ చానల్ మారిస్తే అక్కడ బొమ్మ పోవడం. ఒకే ఎల్‌ఎన్‌బీ వైరుని మామూలు స్ప్లిటర్‌తో రెండుగా చీల్చారన్నమాట, ఒకరు 13 అడుగుతుంటే ఇంకొకరు 18 అడుగుతున్నారు. రెండు అవుట్‌పుట్‌లున్న ఎల్‌ఎన్‌బీ పెట్టుకోవాలి, లేదా ఒకే వైరు మీద రెండు రిసీవర్లకీ వేరువేరుగా సిగ్నల్ పంపే యూనికేబుల్ పద్ధతికి మారాలి.

కేబుల్, కనెక్టర్, నీళ్లు

బండి కదలకుండానే బొమ్మ పోయిందంటే ముందు కనెక్టర్లు చూడండి. విప్పేముందు రిసీవర్ పవర్ తీసేయండి, ఆ వైరులో వోల్టేజ్ ఉంటుంది. మర కనెక్టర్లు ప్రయాణంలో కుదుపులకి వదులవుతాయి. లోపల మధ్య తీగ చుట్టూ అల్లిన జల్లెడ తీగల్లోంచి ఒక్క పోగు మధ్య తీగకి తగిలినా షార్ట్ అయి రిసీవర్ హెచ్చరిక చూపిస్తుంది. నీళ్లు దిగితే ఆకుపచ్చ లేదా తెల్ల బూజులాంటిది కనిపిస్తుంది, ఆ నీళ్లు జల్లెడ వెంట చాలా దూరం పాకుతాయి కాబట్టి కొనొక్కటి కోసి కొత్త కనెక్టర్ వేస్తే సరిపోదు, రాగి మెరుస్తూ కనిపించేదాకా కోయాలి. మెలితిప్పి ఎక్కించే కనెక్టర్ల కంటే నొక్కి బిగించే కంప్రెషన్ రకం మేలు, బయట ఉన్నవాటికి తమలో తామే అతుక్కునే రబ్బరు టేపు చుట్టండి. డిష్ మడిచి లేపే చోట కేబుల్ మళ్లీమళ్లీ వంగుతుంది, కిటికీ సందులోంచి తెచ్చే బల్లపరుపు కేబుల్ ముక్క నలుగుతుంది, పైకి బాగానే కనిపించి లోపల తెగిపోయేవి ఈ రెండు చోట్లే ఎక్కువ.

కనెక్టర్ సరిగ్గా లేకపోతే ఇంకో వింత కూడా జరుగుతుంది. ఎల్‌ఎన్‌బీ నుంచి కిందికొచ్చే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది, 4జీ ఫోన్లు వాడే 1800 బ్యాండు సరిగ్గా దాని మధ్యలో పడుతుంది. జల్లెడ తొడుగు దెబ్బతిన్న చోట పక్కనే ఫోనో రూటరో పెడితే కొన్ని చానళ్లు మాత్రమే చెదురుతాయి, దాన్ని దూరం జరిపితే మళ్లీ వస్తాయి. మధ్యాహ్నం ఎండకి పోయి రాత్రి చల్లబడ్డాక వచ్చే చానళ్లుంటే మాత్రం ఎల్‌ఎన్‌బీ ముసలిదై ఫ్రీక్వెన్సీ జారుతోందని అనుమానించండి.

ఎక్కడ తప్పో ఎంతకీ తేలకపోతే గొలుసుని సగానికి విరవండి. రిసీవర్ని, చిన్న టీవీని బయటికి తెచ్చి, మంచిదని తెలిసిన రెండు మీటర్ల కేబుల్‌తో నేరుగా ఎల్‌ఎన్‌బీకి కలపండి. బొమ్మ వస్తే డిష్, ఎల్‌ఎన్‌బీ, రిసీవర్ మూడూ బాగున్నట్టే, తప్పు బండి లోపలి వైరింగులో ఉంది. రాకపోతే వైరింగుని వదిలేసి గురి మీదా ఎల్‌ఎన్‌బీ మీదా రిసీవర్ మీదా పడొచ్చు. బండి మీద ఏదైనా విప్పి మార్చేముందు ఈ పరీక్ష ఒక్కటి చెయ్యండి, డబ్బూ శ్రమా రెండూ మిగులుతాయి.

ఆటోమేటిక్ డిష్ ఆగకుండా తిరుగుతుంటే

బటన్ నొక్కితే తనంతట తాను వెతుక్కునే డిష్‌లు సుఖమే గానీ, అవి చెయ్యలేనప్పుడు ఎందుకు చెయ్యలేకపోతున్నాయో సరిగ్గా చెప్పవు. ప్రవర్తన చూసి మనమే చదవాలి. అసలు లేవకపోతే ఫ్యూజు, బ్యాటరీ, ఇగ్నిషన్ వైరు చూడండి, ఇంజన్ నడుస్తోందన్న సంకేతం అందుతున్నంతసేపూ చాలా డిష్‌లు భద్రత కోసం ముడుచుకునే ఉంటాయి. బ్యాటరీ వోల్టేజ్‌ని ఖాళీగా ఉన్నప్పుడు కాదు, మోటర్ తిరుగుతున్నప్పుడు కొలవాలి. లేచి, చుట్టూ తిరిగి, ఒకచోట క్షణం ఆగి మళ్లీ వెతకడం మొదలుపెడుతుంటే, దానికి ఉపగ్రహం దొరుకుతోంది కానీ గుర్తుపట్టలేకపోతోందని అర్థం. ఈ డిష్‌లు ఒక నిర్ణీత ప్రసారం తాలూకు వివరాల్ని బట్టి ఇది ఫలానా ఉపగ్రహం అని తేల్చుకుంటాయి, ప్రసారకర్త ఆ వివరాలు మార్చేస్తే డిష్‌కి పాత గుర్తే మిగులుతుంది. మందు ఫర్మ్‌వేర్ (డిష్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్, స్క్రూడ్రైవర్ కాదు. అసలెక్కడా ఆగకుండా తిరిగితే అడ్డమో, కేబులో, ఎల్‌ఎన్‌బీనో. దొరికింది అని చూపించి టీవీలో బొమ్మ లేకపోతే వేరే ఉపగ్రహం ఎంచుకుని ఉందేమో చూసి, కంట్రోల్ బాక్సుని తప్పించి కేబుల్ నేరుగా రిసీవర్‌కి పెట్టి చూడండి.

కొన్నిసార్లు ఏదీ పాడవదు. కుండపోత వానకి ఈ బ్యాండు సిగ్నల్ పోతుంది, వాన తగ్గితే వస్తుంది. మార్చి చుట్టుపక్కలా, సెప్టెంబర్ అక్టోబర్‌లలోనూ కొన్ని రోజులపాటు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చినప్పుడు కొన్ని నిమిషాలు బొమ్మ పోతుంది, దానికీ చేసేదేం లేదు.

దూర ప్రయాణాల్లో అసలు అడ్డంకి సిగ్నల్ పడే ప్రాంతం. ఉపగ్రహం కనిపించినంత మేరా దాని ప్రసారాలు పడవు, ఒక్కో బీమ్‌ని ఒక్కో ప్రాంతం మీదికి గురిపెడతారు. 2014లో బ్రిటన్ చానళ్లు చాలా 28.2 డిగ్రీల దగ్గరున్న ఆస్ట్రా 2ఈ ఇరుకు బీమ్‌కి మారినప్పుడు, స్పెయిన్ దక్షిణాన అంతవరకు బాగా పనిచేసిన డిష్‌లు ఒక్కసారిగా ఆ చానళ్లకి పనికిరాకుండా పోయాయి, డిష్‌లకి ఏమీ కాలేదు. మీ చానళ్ల బీమ్ మ్యాపులో మీరు వెళ్లే చోటికి ఎన్ని సెంటీమీటర్ల డిష్ కావాలో చూడండి. అక్కడ 120 అని ఉండి మీ పైకప్పు మీద 60 ఉంటే, పైన చెప్పినవన్నీ సరిగ్గా చేసినా ఆ చానళ్లు రావు. పెద్ద డిష్‌ని స్టాండ్ మీద పెట్టుకోవడమో, ఆ ప్రాంతంలో ఉన్నన్నాళ్లు అక్కడ బలంగా పడే వేరే ఉపగ్రహం చానళ్లు చూడటమో, ఇంటర్నెట్‌లో చూడటమో, ఆ మూడే దార్లు.